బాబుపేట్ నుంచి సిరొంచ దాకా

కాజీపేట నుంచి ఉత్తరానికి పోయే రైలు మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ దాటి మాకుడి దగ్గర తెలంగాణను వదిలేస్తుంది. తర్వాతి స్టేషన్ విరూర్, మహారాష్ట్ర. బోర్డుల మీద లిపి మారుతుంది గాని పెట్టెలో మాట మారదు. మానిక్‌గఢ్ దాటి వార్ధా నది మీద వంతెన ఎక్కేసరికి సంచులు సర్దుకుంటున్న వాళ్లలో సగం మంది తెలుగులోనే పిల్లల్ని తొందరపెడుతున్నారు. నదికి ఇవతల ఉన్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలోదే. అవతల ఉన్న చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్, బ్రిటిష్ వాళ్ల సెంట్రల్ ప్రావిన్సెస్‌లోది. 1929లో కాజీపేట, బల్లార్షాల మధ్య రైలు పట్టాలు కలిశాక బొగ్గు ఒక దిక్కు నుంచి, మనుషులు ఇంకో దిక్కు నుంచి కదిలారు. బల్లార్షా తర్వాత చిన్న స్టేషన్ బాబుపేట్. అది దాటితే చంద్రపూర్.

బాబుపేట్ చంద్రపూర్ నగరానికి దక్షిణపు చివర ఉంటుంది. పక్కనే లాల్‌పేట్, బొగ్గుగని. పట్టాలు పేటకూ నగరానికీ మధ్యగా పోతాయి. గేటు దగ్గర ఎదురుచూసి విసిగిన జనం ఏళ్ల తరబడి వంతెన కోసం పట్టుబట్టారు, చివరికి వంతెన వచ్చింది. నేను దిగింది ఏప్రిల్ చివరి వారంలో. ఉదయం తొమ్మిదికే ఎండ నెత్తిన కూర్చుంది. గల్లీల్లో ఇంటి ముందు ముగ్గులున్నాయి, ఒక అరుగు మీద ఆడవాళ్లు మామిడికాయ ముక్కలు తుడుస్తున్నారు. మాట వినిపించింది: "కారం ఇంకింత పడాలె." ఆవకాయకు దేశాలు పట్టవు.

ఆ అరుగు మీద పెద్దావిడతో మాటలు కలిశాయి. పేరు అడగలేదు, అవ్వా అనే పిలిచాను. "మా మామ మంథని దిక్కుకెల్లి వచ్చిండు బిడ్డా. బొగ్గుబాయిల టబ్బులు నూకే పని. మా ఆయన గూడ గదే బాయిల చేసి దిగిండు." పిల్లలు మరాఠీ బళ్లో చదివారు, మనవరాలు డిగ్రీ చదువుతోంది. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందీ. కాలేజీల సంగతి తెస్తే ఆమె ముక్కలు తుడిచే చేయి ఆపింది.

"పోరలు కాయితాలు పట్టుకొని వస్తరు. నీళ్లు ఎన్ని దినాలకొకసారి వస్తయి, ఇంట్ల ఎవలెవలున్నరు, దగ్గు ఎవలికి ఉన్నది, అన్నీ అడుగుతరు. మంచి పోరలే, చాయ ఇస్తె తాగుతరు. రాసుకొని పోతరు. గా కాయితం ఏమైందో మళ్ల ఎవ్వలు చెప్పరు."

ఏ కాలేజీ వాళ్లో ఆమెకు తెలియదు. నేనూ కూపీ తియ్యలేదు, ఎందుకంటే ఈ మాట ఒక కాలేజీ గురించి కాదు. దేశంలో విద్యాసంస్థలున్న ప్రతి ఊరి పక్కవాడలోనూ ఎవరో ఒక అవ్వ ఈ మాట అంటుంది. ఆ కాగితం ఎక్కడికి పోతుంది? ఈ జిల్లాలోనూ పక్క గడ్చిరోలి జిల్లాలోనూ దారి పొడుగునా నేను వెతికింది ఆ కాగితం గురించే.

బాబుపేట్‌లోనే, బల్లార్పూర్ బైపాస్ రోడ్డు మీద, ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. 1996లో పెట్టారు. చదువుకునే పిల్లలకు ఇంతకంటే పెద్ద ప్రయోగశాల దేశంలో మరోచోట దొరకదేమో. ఒకవైపు 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్రం, దాని బూడిద. చుట్టూ వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గనులు. నగరాన్ని ఆనుకొని ఇరై నది, దానిలో కలిసే ఝర్పట్. వానాకాలంలో ఇరై పొంగితే పల్లపు వాడలు మునుగుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాల కాలుష్యాన్ని లెక్కగట్టినప్పుడు 83.88 మార్కులతో చంద్రపూర్ నాలుగో స్థానంలో నిలిచింది. ఇలాంటి మార్కులు ఎక్కువ రావడం ఎవరికీ సంతోషం కాదు. కాని దుమ్ము కొలవడం, నీళ్లు పరీక్షించడం, వరద గీత ఏ ఇంటి గోడ దాకా వస్తుందో గుర్తు పెట్టడం ఏ సిలబస్‌లోనైనా ఇమిడే పనులే. ఆ పని చేసినప్పుడు ఫలితం కాలేజీ బీరువాలోనే ఉంటుందా, లాల్‌పేట్ అంగన్‌వాడీ గోడ మీద కూడా ఉంటుందా అన్నదే నాకు ముఖ్యం.

కాలేజీలు జనంలోకి పోవాలన్న మాట కొత్తది కాదు. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ఎన్ఎస్ఎస్ మొదలైంది. మన ఊళ్లలో ఏడు రోజుల శిబిరాలు, రోడ్డు పక్క మొక్కలు, కాలువ పూడికతీత గుర్తున్న తరం మనదే. అదే ఏడాది ఇక్కడికి దగ్గర్లోని సేవాగ్రామ్‌లో సుశీలా నయ్యర్ గ్రామీణ వైద్య కళాశాల తెరిచారు. అక్కడ చేరిన ప్రతి బ్యాచ్‌కీ ఒక ఊరు, ప్రతి విద్యార్థికీ ఆ ఊళ్లో కొన్ని కుటుంబాలు అప్పగిస్తారు. శిబిరం ముగిశాక కూడా అదే ఇళ్లకు మళ్లీ మళ్లీ పోవాలి. యూజీసీ 2020లో సామాజిక బాధ్యత, స్థానిక సమాజంతో పని అనే రెండు క్రెడిట్ల పాఠ్యాన్ని సూచించింది, సగం తరగతిలో, సగం ఊళ్లో. కొత్త విద్యావిధానం వచ్చాక మహారాష్ట్ర డిగ్రీల్లోనూ అలాంటి ప్రాజెక్టులకు మార్కులున్నాయి. మార్కులు పెట్టడం తప్పని నేననను. మార్కులు లేని పనికి పేద ఇంటి పిల్లవాడు బస్సు చార్జీ ఎక్కడి నుంచి తెస్తాడు? నా భయమల్లా సెమిస్టర్ గురించి. అది ఆరు నెలల్లో ముగుస్తుంది, వాడ ముగియదు. సేవాగ్రామ్ పద్ధతిలో నాకు నచ్చింది ఆ రెండోసారి పోవడమే.

మధ్యాహ్నం లాల్‌పేట్ వైపు నడిచాను. ఇళ్ల మధ్య ఖాళీ స్థలంలో పెద్ద పెద్ద రాతి విగ్రహాలు ఆకాశం కింద పడుకొని, కూర్చొని ఉన్నాయి. పది తలల దుర్గ ఒక్కటే పాతిక అడుగుల పొడవుంటుంది. తలలు లెక్కపెట్టి చుట్టుపక్కల జనం రావణుడంటారు. గోండు రాజుల కాలంలో రాయప్ప అనే కోమటి శివాలయం కట్టించాలని ఇవన్నీ చెక్కించాడని, గుడి లేవకముందే కన్నుమూశాడని చెప్పుకుంటారు. బొగ్గు కోసం మనవాళ్లు రాకముందే ఒక తెలుగు వర్తకుడి పేరు ఈ నేలకు అంటుకొని ఉందన్నమాట. విగ్రహాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అక్కడ ఆడుకుంటున్న పిల్లల్లో ఒకడు నన్ను పక్కకు లాక్కుపోయి ఒక్కో విగ్రహాన్నీ తన మాటల్లో పరిచయం చేశాడు. ఏ చరిత్ర విభాగమైనా వాడి దగ్గర మొదలుపెట్టి, వాడికి కొత్త సంగతులు చెప్పి ముగించవచ్చు.

నగరంలోకి పోతే కోట గోడ ఎదురవుతుంది. గోండు రాజుల కోట, చుట్టుకొలత సుమారు 11 కిలోమీటర్లు, జట్‌పురా, పఠాన్‌పురా, అంచలేశ్వర్, బిన్‌బా అని నాలుగు పెద్ద దర్వాజాలు. చెట్లు మొలిచి, చెత్త పేరుకొని ఆ గోడ కనపడకుండా పోయింది. 2017 మార్చి 1 నుంచి బండు ధోత్రే నడిపే ఎకో-ప్రో సంస్థ యువకులు రోజూ ఉదయం వచ్చి దాన్ని శుభ్రం చేశారు. వందల రోజులు చేశారు. ఆ ఏడాది ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో వాళ్ల ప్రస్తావన వచ్చింది. ఏ విశ్వవిద్యాలయమూ వాళ్లకు క్రెడిట్లు ఇవ్వలేదు. అయినా ఆ కుర్రాళ్లు గోడ నిర్మాణం గురించి, దాని చరిత్ర గురించి తెలుసుకున్నది ఏ పరీక్షకూ తీసిపోదు. వాళ్ల పక్కన కూర్చొని కాలేజీలు నేర్చుకోవలసినది ఉంది.

దీక్షాభూమి దగ్గర కాసేపు ఆగాను. నాగపూర్ దీక్ష అందరికీ తెలుసు, దాని తర్వాత రెండు రోజులకు, 1956 అక్టోబరు 16న, అంబేడ్కర్ చంద్రపూర్‌లో బౌద్ధ దీక్ష ఇచ్చిన సంగతి మన వైపు అంతగా తెలియదు. ఆ నేల మీదే ఇప్పుడు డాక్టర్ అంబేడ్కర్ కాలేజీ ఉంది. ఏటా దీక్ష రోజున ఊళ్లకు ఊళ్లు అక్కడికి తరలివస్తాయి. తన ఆవరణ జనానిదే అన్న సంగతిని ఆ కాలేజీకి ఎవరూ గుర్తుచేయక్కర్లేదు.

మర్నాడు చాందా ఫోర్ట్ స్టేషన్‌లో గోండియా వైపు పోయే పాసింజరు ఎక్కాను. కేళ్‌ఝర్ దాటితే అడవి, మూల్ మరోడా దాటితే వరి పొలాలు. సిందేవాహీ వస్తుంది, తర్వాత తళోధీ రోడ్, ఆ తర్వాత నాగ్‌భీడ్. ఈ మూడు స్టేషన్ల మధ్యే నేను చెప్పదలచుకున్న పెద్ద కథ ఉంది. తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ ఇళ్లలో తినే అన్నం కథ అది.

హెచ్‌ఎంటీ బియ్యం. మన ఇళ్లలో సన్నబియ్యమంటే ఒకటి సోనామసూరి, రెండోది ఇదే. పెళ్లిళ్లలో, హాస్టళ్లలో, బస్తా మీద పెద్దక్షరాలతో. ఈ విత్తనాన్ని వెతికి పట్టుకున్నది నాగ్‌భీడ్ తాలూకా నాందేడ్ గ్రామానికి చెందిన దాదాజీ రామాజీ ఖోబ్రాగడే. దళిత రైతు, మూడో తరగతితో చదువు ఆగింది, చేతిలో ఎకరన్నర పొలం. 1983లో తన పటేల్-3 వరిలో రంగు తేడాగా ఉన్న మూడు కంకులు కనిపించాయి. వేరే రైతైతే కలుపని తీసేసేవాడు. ఆయన గింజలు దాచిపెట్టాడు. మరుసటి ఏడు అడవిపందులు, పక్షులు దూరకుండా ముళ్లకంప చుట్టి చిన్న మడిలో విత్తాడు. దిగుబడి బాగుంది, గింజ సన్నం, అన్నం కమ్మగా ఉంది. ఏటా కాస్త కాస్త పెంచుకుంటూ పోయాడు. ఊళ్లో ఒక రైతు ఎక్కువ పొలంలో వేసి 1990లో తళోధీకి అమ్మకానికి పట్టుకుపోతే, ఇదేం రకం అన్నప్పుడు పేరు లేదు. ఆ రోజుల్లో అందరి మణికట్టు మీదా మోజుగా ఉన్న గడియారం పేరు పెట్టేశారు, హెచ్‌ఎంటీ అని.

ఇక్కడి నుంచి విశ్వవిద్యాలయం కథలోకి వస్తుంది. 1994లో సిందేవాహీ వరి పరిశోధనా కేంద్రం, అంటే అకోలాలోని పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు కేంద్రం, ప్రయోగాలకని ఆయన దగ్గర ఐదు కిలోల విత్తనం తీసుకుంది. 1998లో పీకేవీ-హెచ్‌ఎంటీ అనే రకం విడుదలైంది. అందులో ఖోబ్రాగడే పేరు లేదు. విశ్వవిద్యాలయం వాదన ఏమిటంటే, రైతు దగ్గర ఉన్నది కలగలుపు విత్తనం, దాన్ని శుద్ధి చేసి స్థిరమైన రకంగా నిలబెట్టింది శాస్త్రవేత్తలు. శుద్ధి చేయడం చిన్న పని కాదు, అది తెలిసినవాళ్లు ఒప్పుకుంటారు. కాని శుద్ధి చేయడానికి చేతిలో ఏదో ఉండాలి గదా. ఆ ఏదో ఆయన పదేళ్లకు పైగా కళ్లలో పెట్టుకొని కాపాడినది.

నాకు ఈ కథలో ఎప్పుడూ తట్టే విషయం ఇంకోటి ఉంది. ఖోబ్రాగడే పొలంలోని ఆ పటేల్-3 కూడా జబల్పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఒక శాస్త్రవేత్త రూపొందించిన రకమే. ఆ శాస్త్రవేత్త ఇంటిపేరే దానికి పెట్టారు. అంటే విశ్వవిద్యాలయం నుంచి రైతు పొలానికి విత్తనం వచ్చింది, రైతు పొలం నుంచి విశ్వవిద్యాలయానికి పోయింది. స్థానిక భాగస్వామ్యం అని మనం పెద్ద సభల్లో చెప్పుకునేదానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? అంతా జరిగింది. పేరు రాసే చోట ఒక పంక్తి రాయలేదు, అంతే. మన బాపట్లలో పుట్టిన సాంబమసూరి బస్తా మీద ఇప్పటికీ బీపీటీ 5204 అని పుట్టిన పరిశోధనా కేంద్రం గుర్తు ఉంటుంది. ఎవరికీ అది వింతగా అనిపించదు. నాందేడ్ ఊరికి ఆ పాటి గుర్తింపు దక్కకపోవడమే వింత.

తర్వాత ఆయనకు గుర్తింపు వచ్చింది. 2005లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పురస్కారాన్ని రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా అందుకున్నాడు. 2010లో ఫోర్బ్స్ పత్రిక గ్రామీణ వ్యాపారవేత్తల జాబితాలో ఆయన పేరు వేసింది. నాందేడ్ చిన్నూర్, నాందేడ్ హీరా, విజయ్ నాందేడ్, డీఆర్‌కే అంటూ ఇంకా రకాలు తీశాడు. చూశారా, ఊరి పేరు, తన పేరు ఆయనే పెట్టుకున్నాడు. కాని ఇంట్లో జబ్బులు, పొలం అమ్మకాలు, పూట గడవని రోజులు ఆయన్ను వదల్లేదు. 2018 జూన్ 3న గడ్చిరోలి దగ్గర శోధగ్రామ్ ఆసుపత్రిలో చనిపోయాడు.

నాగ్‌భీడ్‌లో స్టేషన్ బయట భోజన హోటల్లో అన్నం పెట్టిన పెద్దాయనను ఏ బియ్యమని అడిగాను. "హెచ్‌ఎంటీ, ఇంకేముంటుంది ఇక్కడ" అన్నాడు మరాఠీలో, అడగడమే తప్పన్నట్టు. పక్క బల్ల మీద కూర్చున్న రైతు, "దాదాజీది" అని ఒక్క మాట కలిపాడు.

నాగ్‌భీడ్ నుంచి బ్రహ్మపురి, ఆర్మోరి మీదుగా గడ్చిరోలి.  1982 దాకా చంద్రపూర్ జిల్లాలో భాగమైన ఈ అడవి జిల్లాలో 2011లో గోండ్వానా విశ్వవిద్యాలయం వచ్చింది. నాగపూర్ విశ్వవిద్యాలయం నుంచి చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల కాలేజీలను విడదీసి దీని కిందికి తెచ్చారు. పేరులోనే ఎవరి కోసమో చెప్పుకున్న విశ్వవిద్యాలయం. దాని ఆవరణలో సైన్స్ అండ్ టెక్నాలజీ రిసోర్స్ సెంటర్ ఒకటి ఉంది, రాష్ట్ర సైన్స్ కమిషన్ తోడ్పాటుతో నడుస్తుంది. వెదురు, ఇప్పపువ్వు లాంటి అడవి సరుకుకు ఊళ్లోనే విలువ పెంచే పనులు దాని బాధ్యత. "విద్యాపీఠ్ ఆప్‌ల్యా గావాత్" అని ఇంకో కార్యక్రమం మొదలుపెట్టారు. చదువు మధ్యలో ఆపేసినవాళ్ల కోసం అధ్యాపకులే ఊరికి పోయి పాఠం చెప్పి డిగ్రీ దాకా తీసుకుపోవాలన్నది ఉద్దేశం. పగలు పొలంలో ఉన్న మనిషికి సాయంత్రం ఊళ్లోనే తరగతి. ఈ ఆలోచన నాకు చాలా ఇష్టమైంది. ఎందుకంటే ఇందులో ఊరివాళ్లు ప్రశ్నపత్రానికి జవాబులు చెప్పే మనుషులుగా కాకుండా, చదువు మీద హక్కున్న మనుషులుగా కూర్చుంటారు.

శోధగ్రామ్ ఊరికి కాస్త దూరంలో అడవి అంచున ఉంటుంది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1980ల మధ్యలో స్థాపించిన సెర్చ్ సంస్థ ఉండేది ఇక్కడే. విశ్వవిద్యాలయం కాకపోయినా పరిశోధన ఎలా జరగాలో ఇక్కడ చూడాలి. ఆదివాసులు పెద్దాసుపత్రికి రావడానికి ఎందుకు జంకుతున్నారని వీళ్లు వాళ్లనే అడిగారు. వాళ్లు చెప్పినట్టే గుడిసెల ఊరిలా ఆసుపత్రి కట్టారు, వాళ్ల దేవత దంతేశ్వరి పేరు పెట్టారు. ఊరి ఆడవాళ్లకే తర్ఫీదిచ్చి ఇంటి దగ్గరే పసిబిడ్డల్ని కాపాడే పద్ధతిని నిలబెట్టి, 1999లో దాని ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. తర్వాత దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి పోయి బిడ్డను తూచే పద్ధతికి ఆ పని పునాది. మన ఊళ్లోని ఆశా అక్క భుజాన ఉన్న సంచిలోని త్రాసు ఈ అడవి నుంచి వచ్చిందని ఆమెకు ఎవరైనా చెబితే బాగుండు. ఇక్కడ కాగితం ఊరి నుంచి ప్రపంచానికి పోయి, మళ్లీ ఊరికి వచ్చింది.

గడ్చిరోలి నుంచి ధానోరా దారిలో సుమారు 30 కిలోమీటర్లు పోతే మేంఢా-లేఖా. గోండుల ఊరు. ఢిల్లీ, ముంబైల్లో మా ప్రభుత్వం, మా ఊళ్లో మేమే ప్రభుత్వం అన్న వీళ్ల నినాదం దేశమంతా తిరిగింది. అటవీ హక్కుల చట్టం కింద 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పొందిన తొలి ఊళ్లలో ఇదొకటి. 2011 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రి జైరాం రమేశ్ స్వయంగా వచ్చి వెదురు రవాణా పర్మిట్ల పుస్తకాన్ని గ్రామసభ చేతికిచ్చారు. అంతకుముందు దాకా ఆ పుస్తకం అటవీ శాఖ చేతిలోనే ఉండేది. ఇప్పుడు ఈ జిల్లాలో వెయ్యికి పైగా ఊళ్లకు అలాంటి హక్కు పత్రాలున్నాయి.

ఇదంతా పత్రికల్లో వచ్చిందే. నన్ను ఇక్కడికి రప్పించింది అభ్యాస గట్. ఊళ్లో ఒక విషయం తేలాలంటే ముందు ఆసక్తి ఉన్నవాళ్లు కలిసి కూర్చొని చదువుకుంటారు. చట్టమైతే చట్టం, అడవైతే అడవి, తేనె అయితే తేనె. తేనెటీగలను చంపకుండా తేనె తియ్యడం ఎలాగో కూడా ఇలాగే నేర్చుకున్నారు. బయటి నుంచి తెలిసినవాళ్లు వచ్చి కూర్చోవచ్చు, చెప్పవచ్చు, వాదించవచ్చు. అక్కడ నిర్ణయం ఉండదు. నిర్ణయం గ్రామసభది, అదీ ఓట్లతో కాదు, అందరూ ఒప్పుకున్నాకే. దేవాజీ తోఫా నాయకత్వంలో, మోహన్ హీరాబాయి హీరాలాల్ తోడ్పాటుతో దశాబ్దాలుగా ఈ పద్ధతి నడిచింది. మోహన్ గారు 2025 జనవరిలో కన్నుమూశారు.

అభ్యాస గట్ గురించి వినే కొద్దీ నాకు ఒకటే అనిపించింది. చదువుకునే చోటునూ నిర్ణయం తీసుకునే చోటునూ విడదీయడంలో గొప్ప తెలివి ఉంది. ప్రొఫెసర్ వచ్చి ఎంత గట్టిగా మాట్లాడినా ఊరు భయపడనక్కర్లేదు, ఆ మాట రేపు ఆజ్ఞగా మారదు. ప్రొఫెసర్ కూడా నొచ్చుకోనక్కర్లేదు, తన మాటను ఊరు పక్కన పెట్టినా అది అవమానం కాదు. విశ్వవిద్యాలయాలూ ఊళ్లూ రాసుకునే ఒప్పంద పత్రాల్లో నేను చూడాలనుకునే షరతు ఇదే. ప్రశ్న ఎవరైనా తేవచ్చు. చదువు కలిసి సాగాలి. ఏం చేయాలో ఊరు చెప్పాలి. ఏం తెలిసిందో ఊరికి, ఊరి భాషలో, ముందుగా చెప్పాలి. ఖోబ్రాగడే దగ్గర ఐదు కిలోలు తీసుకున్న రోజున నాందేడ్‌లో ఇలాంటి సభ ఒకటి ఉండి ఉంటే ఆ బస్తా మీద ఏం రాసి ఉండేదో ఊహించడం కష్టం కాదు.

తిరుగు ప్రయాణానికి చంద్రపూర్ దారి పట్టలేదు. గడ్చిరోలి నుంచి ఆష్టి, ఆలాపల్లి మీదుగా దక్షిణానికి దిగే సిరొంచ బస్సెక్కాను. ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచలో తెలుగే ఇంటి భాష. నది దాటితే కాళేశ్వరం. అక్కడి పిల్లలు తమ విశ్వవిద్యాలయానికి పోవాలంటే 200 కిలోమీటర్లు అడవిలో ప్రయాణం చేయాలి, అక్కడ మరాఠీలో చదవాలి.

ఆలాపల్లిలో బస్సు చాలాసేపు ఆగింది. పక్క సీట్లో ఉన్న అమ్మాయి ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతుంటే పలకరించాను. గడ్చిరోలిలో డిగ్రీ చదువుతోంది, సెలవులకు సిరొంచ పక్కన తన ఊరికి పోతోంది. ఒళ్లో ఒక ఫైలు. తన ఊరి మీదే ప్రాజెక్టు చేసిందట, తునికాకు సేకరణ మీద. ఎన్ని కుటుంబాలు ఆకు తెంపుతాయి, గ్రామసభ తానే వేలం పెట్టుకున్నాక కూలి ఎంత పెరిగింది, డబ్బు చేతికి వచ్చేసరికి ఎన్ని నెలలు పడుతుంది, ఇవీ ఆమె అడిగిన ప్రశ్నలు. మూడోది తన ప్రశ్న కాదంది. "అది మా పెద్దమ్మ అడగమన్నది. కూలి ఎంతైతేంది, ఎప్పుడిస్తరో అడుగు అన్నది."

కాలేజీలో ఇచ్చింది మరాఠీలో. మే 1న మహారాష్ట్ర దినం, ఊళ్లలో గ్రామసభ కూర్చునే రోజు. ఆ సభలో ఫైలు చదివి వినిపించమని పెద్దలు కబురు పెట్టారు. అందుకని తెలుగులో మళ్లీ రాసుకుంటోంది. అంకెలు రాసిన పేజీ తిప్పి నాకు చూపించింది. ఒక గడి ఖాళీగా ఉంది.

"నది అవతల మీ దిక్కు కట్టకు ఎంతిస్తుండ్రో కావాలన్నా. ఊరికే రేటు చెప్తే కుదరదు. మా దగ్గర కట్టకు డెబ్బై ఆకులు, మీ దగ్గర యాభై. ఆకుకు లెక్కగట్టి చూపెట్టాలె, లేకుంటే సభల ఒప్పుకోరు. బోనసు ఎప్పుడు పడ్డదో గూడ కావాలె."

నాకు తెలియదన్నాను. కాళేశ్వరంలో దిగాక మహదేవ్‌పూర్ వైపు కల్లాల్లో కనుక్కొని చెబుతానన్నాను. ఆమె నా నంబరు రాసుకుంది.

"ముప్పయ్యో తారీకు లోపల చెప్పున్రి," అంది. "ఆకు తెంపేటోళ్లనే అడుగున్రి. సేటును అడిగితే ఇంకో లెక్క చెప్తడు."